కొత్త నగరంలో ఒక రోజు – 4వ పాఠం: సింగపూర్ పాత ఒడ్డు వెంట

గత పాఠంలో కార్డులు, చార్జీలు చూశాం. ఇప్పుడు దారి గీద్దాం. మ్యాపులో నచ్చిన చోటల్లా గుర్తు పెట్టుకుంటే రోజంతా రైళ్లు మారడంతోనే సరిపోతుంది. ముందు ఆ ఊరికి ఒకప్పటి పొలిమేర ఎక్కడో వెతకండి. పాత పేటలు, కొత్త కట్టడాలు అక్కడే విడిపోతాయి.

సింగపూర్‌కు ఆ పొలిమేర సముద్రం. మ్యాపులో తెలోక్ ఆయర్ వీధి, బీచ్ రోడ్ చూడండి. రెండూ ఒకప్పుడు ఒడ్డు వీధులే. ఇప్పుడు వాటిమీద నిలబడితే సముద్రం జాడే ఉండదు. వీటికి లోపలివైపు చైనాటౌన్, కంపోంగ్ గ్లామ్ అనే పాత పేటలు. బయటివైపున్నది చాలావరకు పూడ్చిన నేల. మెరీనా బే పూడిక 1970లలో సాగింది.

నడక తెలోక్ ఆయర్ స్టేషన్ దగ్గర, ఉదయం 9 లోపే మొదలుపెట్టండి. నీలం రంగు డౌన్‌టౌన్ లైన్ అది. ఆ వీధిలో 1842లో పూర్తయిన చైనీయుల థియాన్ హాక్ కెంగ్ గుడి, దానికి కాస్త దూరంలో దక్షిణ భారత ముస్లింలు కట్టిన నాగూర్ దర్గా ఉన్నాయి. ఒకప్పుడు ఓడ దిగినవాళ్లు క్షేమంగా చేరామని ముందు మొక్కు తీర్చుకునేది ఇక్కడే. అక్కడినుంచి సౌత్ బ్రిడ్జ్ రోడ్ మారియమ్మన్ కోవెలకు 11 లోపు చేరాలి, మధ్యాహ్నం తలుపులు మూస్తారు.

ఎండైనా వానైనా దుకాణాల ముందు వరండాల్లోంచే నడవండి. ఐదడుగుల వెడల్పు వరండా వదలాలన్నది 1822 నాటి పట్టణ ప్రణాళిక నియమం. చిక్కల్లా ఒకటే: ఇంటింటికీ గచ్చు ఎత్తు మారుతుంది. పిల్లల బండి ఉంటే ప్రతి పది అడుగులకూ ఎత్తి దించాలి.

భోజనం మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్‌లో. తిన్నాక ట్రే మీరే తిరిగి పెట్టాలి, లేకుంటే జరిమానా పడవచ్చు. పక్కనే సిటీ గ్యాలరీ: ప్రవేశం ఉచితం, ఆదివారం సెలవు. అక్కడి పెద్ద నగర నమూనాలో ఉదయం నడిచిన వీధి వెతికి, దానికీ సముద్రానికీ మధ్య ఎన్ని భవనాలు లేచాయో చూడండి. ఎండ మండే వేళకు ఇంతకంటే మంచి చోటు లేదు. అయితే 2 గంటలకల్లా బయటపడాలి.

ఎందుకంటే కంపోంగ్ గ్లామ్‌లోని సుల్తాన్ మసీదు సందర్శకులను సాయంత్రం 4 వరకే రానిస్తుంది, శుక్రవారం అసలు రానివ్వదు. ఈ రోజు ప్రణాళిక ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తెలోక్ ఆయర్ నుంచి అదే లైన్‌లో నాలుగో స్టేషన్, బూగిస్‌లో దిగండి. మసీదు గుమ్మటం కింది నల్లని పట్టీని దగ్గరగా చూడండి: అవి గాజు సీసాల అడుగులు, పేదలు ఇచ్చిన విరాళం.

సాయంత్రం వెనక్కి రెండు స్టేషన్లు, బేఫ్రంట్. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడవునా సూర్యాస్తమయం 7 గంటలకు అటూ ఇటూగా ఉంటుంది. 6.15కి చేరితే వెలుగుండగానే అక్కడి గార్డెన్స్ బై ద బే తోటలు చూడవచ్చు. ఆ తోటల్లో చెట్ల ఆకారంలో నిలబెట్టిన ఎత్తైన కట్టడాలు, సూపర్‌ట్రీల దీపాల ప్రదర్శన 7.45కి, మళ్లీ 8.45కి. మొదటిదానికి జనం ఎక్కువ, పిల్లలు లేకపోతే రెండోదే నయం.

అభ్యాసం: వియన్నా మ్యాపు తీయండి. అక్కడి రింగ్‌స్ట్రాసె, 1857లో కూల్చాలని ఆజ్ఞ అయిన కోటగోడల చోట వేసిన రోడ్డు. దాని లోపల రెండు చోట్లు, బయట రెండు ఎంచుకుని, ఒక్కోటి తెరిచే, మూసే వేళలు పక్కన రాసి, ఏది ముందో తేల్చండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.