కారు వెనక చిన్న అద్దం మార్చే ముందు ఇవి చూసుకోండి

వెనక డోర్ తర్వాత ఉండే, కిందికి దిగని ఆ చిన్న అద్దం పగిలితే కంగారుపడి చేయి పెట్టొద్దు. అది టఫెన్డ్ గ్లాస్, పగిలితే సగ్గుబియ్యంలా చిన్న చిన్న ముక్కలైపోతుంది, అవి సీటు మడతల్లోకీ బెల్ట్ బకిల్‌లోకీ దూరి పిల్లలు కూర్చున్నప్పుడు గుచ్చుకుంటాయి. మందపాటి గ్లౌజులు, కళ్లజోడు ఉండాల్సిందే.

ఊడ్చే ముందే ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేయండి. దొంగతనమైతే ముందు పోలీసులకు చెప్పండి.

కొత్త అద్దం కొనేటప్పుడు ఎడమా కుడా, బండి ఏ సంవత్సరం మోడల్, ఏ రంగు ఛాయ అన్నీ సరిచూడండి.

అసలు పని అతికించే దగ్గరే ఉంది. చాలా బండ్లలో దీన్ని యూరిథేన్ గమ్‌తో అంటిస్తారు కాబట్టి మెకానిక్‌ని పాత గమ్‌ను ఇనుము కనిపించేదాకా గీకనివ్వొద్దు, పల్చటి పొర మిగలాలి, ఎక్కడైనా పెయింట్ లేచిపోతే ప్రైమర్ వేయకుండా ముందుకు పోనివ్వొద్దు, లేదంటే తుప్పు పట్టి వానాకాలంలో నీళ్లు కారతాయి. మామూలు సిలికాన్ పూస్తానంటే ఒప్పుకోకండి.

మన తిరుపతి ఎండకు రేకు కాలిపోతుంటుంది, అందుకే పొద్దున్నే నీడలో చేయించండి.

గమ్ గట్టిపడేదాకా డోర్లు గట్టిగా వేయొద్దు, లోపలి గాలి అద్దాన్ని బయటికి తోస్తుంది, ఒక కిటికీ కొంచెం దించి ఉంచండి. బండి తీయడానికి ఎంతసేపు ఆగాలో గమ్ ట్యూబు మీద ఉంటుంది. అదే రోజు అలిపిరి దాటి ఘాట్ ఎక్కే ప్లాన్ ఉంటే మాత్రం వాయిదా వేసుకోండి, కొండకు బస్సుంది.