సీరియల్ డిస్కుల సెట్టు కొనేముందు వేసుకోవలసిన లెక్క

టీవీ సీరియల్ సీజన్ మొత్తాన్ని డిస్కుల మీద కొనేటప్పుడు బొమ్మ ఎలా ఉండబోతుందో అంచనా వేయడానికి రెండు వివరాలు కావాలి: ఒక్కో డిస్కులో ఎన్ని నిమిషాల కార్యక్రమం ఉంది, ఆ డిస్కు సామర్థ్యం ఎంత. ఒకే పొర ఉన్న డీవీడీలో 4.7 గిగాబైట్లు, రెండు పొరలున్న దానిలో 8.5 గిగాబైట్లు పడతాయి. బ్లూ-రేలో ఇవి 25, 50. రెండు పొరల డీవీడీ కంప్యూటర్‌లో 7.95 అని కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కించడం వల్లనే ఆ తేడా వస్తుంది.

గిగాబైట్లను 8,000తో గుణించి, వచ్చిన మెగాబిట్లను మొత్తం నిడివిలోని సెకన్లతో భాగిస్తే సగటు బిట్‌రేట్, అంటే బొమ్మకూ శబ్దానికీ కలిపి సెకనుకు ఎన్ని మెగాబిట్ల సమాచారం దక్కుతుందో తెలుస్తుంది. 45 నిమిషాల ఎపిసోడ్లు నాలుగింటిని రెండు పొరల డీవీడీలో పెడితే 68,000ను 10,800తో భాగించాలి, సుమారు 6.3 మెగాబిట్లు వస్తాయి. అదే డిస్కులో ఎనిమిది కుక్కితే 3.15కు పడిపోతుంది. శబ్దం వాటా కూడా ఇందులోంచే పోవాలి; ఆరు స్పీకర్లకు శబ్దం పంచే 5.1 డాల్బీ డిజిటల్ ట్రాక్ ఒక్కటే తరచుగా 0.448 మెగాబిట్లు తీసుకుంటుంది, రెండో భాష ఉంటే ఇంకొకటి, ఆపైన మెనూలు, ఇంటర్వ్యూలు. డీవీడీలో బొమ్మకు గరిష్ఠ పరిమితి 9.8 మెగాబిట్లు కనుక, డిస్కుకు రెండే ఎపిసోడ్లు పెట్టినా మిగిలిన చోటు బొమ్మకు ఉపయోగపడదు. నా మట్టుకు డీవీడీ సగటు 5 దాటితే నిశ్చింతగా కొంటాను, 4 కంటే తగ్గితే అనుమానిస్తాను.

అయితే సగటు ఒక్కదానితో తీర్పు చెప్పలేము. ఫిలిం మీద తీసిన సీరియల్‌లోని గ్రెయిన్ (బొమ్మలో కదిలే సన్నని రేణువులు), వాన, పొగ, కదిలే జనం బిట్లను విపరీతంగా తినేస్తాయి. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే స్టూడియో దృశ్యానికి కొద్దిపాటి బిట్లు చాలు. పరీక్షించేటప్పుడు ముందుగా టీవీలోని షార్ప్‌నెస్‌ను తగ్గించి, నాయిస్ రిడక్షన్‌ను (బొమ్మలోని చుక్కలను చెరిపే ఏర్పాటును) ఆపివేయాలి, లేకపోతే టీవీ చేసిన మార్పులను డిస్కు తప్పులుగా పొరబడే ప్రమాదం ఉంది. ఆ తరువాత చీకటి గదిలో పొగ కమ్మిన దృశ్యమో, ఒక దృశ్యం మరొకదానిలోకి కరిగే చోటో ఎంచుకుని దగ్గరగా చూడాలి. బిట్లు చాలకపోతే నీడలు గళ్ళుగళ్ళుగా విడిపోతాయి, పేర్లు పడేటప్పుడు అక్షరాల అంచుల చుట్టూ దోమలు ముసిరినట్టు చుక్కలు కదులుతాయి. బొమ్మ అంతటా ఒకేలా మసకగా ఉంటే మాత్రం అది డిస్కు సామర్థ్యం పని కాకపోవచ్చు, మూల ప్రతే అలా ఉండి ఉండవచ్చు.

బ్లూ-రేలో ఈ బెంగ చాలావరకు తీరుతుంది. 50 గిగాబైట్ల డిస్కులో 45 నిమిషాల ఎపిసోడ్లు ఆరు పెట్టినా దాదాపు 24.7 మెగాబిట్లు దక్కుతాయి, పైగా బ్లూ-రేలో బొమ్మను కుదించడానికి వాడే ఏవీసీ పద్ధతి డీవీడీ వాడే ఎంపెగ్-2 పద్ధతి కంటే పొదుపైనది. వీడియో టేపు మీద తీసిన పాత సీరియల్‌ను స్టాండర్డ్ డెఫినిషన్‌లోనే ఉంచి ఒకే బ్లూ-రేలో సీజన్ మొత్తం ఇచ్చినా తప్పు పట్టనక్కరలేదు. టేపులో లేని వివరం ఏ డిస్కూ పుట్టించలేదు.

తక్కువ డిస్కులతో వచ్చిన కొత్త సెట్టును చూడగానే నాణ్యత తగ్గించారని తేల్చేయడం తొందరపాటు. 45 నిమిషాల ఎపిసోడ్లు 24 ఉన్న సీజన్ పాత సెట్టులో ఆరు ఒక పొర డీవీడీల మీద ఉంటే సెకనుకు 3.5 మెగాబిట్లే పడతాయి. కొత్త సెట్టులో నాలుగే డిస్కులున్నా అవి రెండు పొరలవైతే 4.2 దక్కుతాయి. పాత సెట్టు చేతిలో ఉన్నవారు ఒక డిస్కును కంప్యూటర్‌లో పెట్టి అందులో ఎన్ని గిగాబైట్లు నిండాయో చూసుకుని, డిస్కు సామర్థ్యానికి బదులు ఆ అంకెతోనే పై లెక్క వేయాలి (కంప్యూటర్ 1,024 చొప్పున చూపిన అంకె అయితే 8,000కు బదులు సుమారు 8,590తో గుణించాలి), ఎందుకంటే రెండు పొరల డిస్కును సగమే నింపి వదిలేసిన సెట్లు కూడా ఉంటాయి.