ప్రయోగ కథ వెబ్ పత్రికల నుంచి వెనక్కొస్తా ఉందా? ముందు ఇవి చూసుకోండి

కథే బాగలేకపోతే నా దగ్గర మందు లేదు. బాగుండి కూడా ఎందుకు వెనక్కొస్తా ఉందో అది మాత్రం చెప్తా. మా తిరుపతిలో ప్రయోగం అంటూ, అంటే ఖాళీలు, వరసలు, గీతలతో కూడా కథ చెప్పాలని చూస్తా, కథ రాసినోళ్ళు చాలామంది అది తిరిగొచ్చినాక నాకు వాట్సాప్ చేస్తారు, నేనడిగేది ఎప్పుడూ ఒకటే, పత్రిక నియమాల పేజీ చదివినారా అని. లేదన్నా అంటారు. ఇంకేం చెప్పేది.

సమస్య: జవాబే రాలేదు
డీటీపీ షాపులో కొట్టించిన 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్ల ఫైలు పంపుంటారు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో అది పిచ్చి గుర్తులే. యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్లో అయినా కంప్యూటర్లో అయినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి మార్చి, వత్తులన్నీ ఒకసారి కళ్ళతో చూసుకోండి, కన్వర్టర్లు ఎక్కువ తప్పేది అక్కడే. స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే ఓపిక పట్టాల్సిందే. 'ఈమాట' అనే వెబ్ పత్రిక 1998 నుంచి వస్తా ఉంది, అయినా ఇట్లాంటి చిన్న పత్రికలు చాలావరకు జీతం లేకుండా తీరిక చేసుకుని నడిపేవాళ్ళవే.

సమస్య: ఇంతకుముందే అచ్చయింది అంటున్నారు
ఫేస్‌బుక్‌లో పెట్టినారు కదా? చాలా పత్రికలకి అది కూడా అచ్చు కిందే లెక్క. పోస్టు తీసేసి ఏమీ ఎరగనట్టు పంపకండి, వేరే కథ పంపండి.

సమస్య: "అర్థం కాలేదు" అన్నారు, లేదా వేసుకున్నారు గానీ అది నేను రాసిన కథ కాదు
అసలు దొంగ ఇక్కడుండాడు. మామూలు కథలో పేరా చెదిరితే ఎడిటర్‌కి తప్పని తెలిసిపోతుంది, సరిచేస్తాడు. ప్రయోగ కథలో చెదిరితే అదే ప్రయోగమేమో అనుకుంటాడు! తప్పుకీ శిల్పానికీ తేడా ఆయనకి తెలిసే దారే లేదు.

ఉదాహరణకి ఎడమ పక్క చిత్తూరులో అమ్మ, కుడి పక్క బెంగుళూరులో కొడుకు, ఫోన్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడతా ఉంటారు, ఒకరిది ఒకరు వినరు, ఆలోచన బాగుంది, కానీ ఆ రెండు వరసల్నీ స్పేస్ బార్ కొట్టి కొట్టి నిలబెట్టినారు. వెబ్ పేజీ ఎన్ని స్పేసులు కొట్టినా మామూలుగా ఒక్కటే చూపిస్తుంది. దానికి తోడు మన అక్షరాలన్నీ ఒకే వెడల్పు ఉండవు, ఫాంటు మారితే వరస మారిపోతుంది. చివరికి ఫోన్లో కనిపించేది ఇదీ: "నాయినా అన్నం కాల్‌లో ఉండా తిన్న్యావా లేదా మా తర్వాత". ఎడిటర్ ఇది చదివి అర్థం కాలేదంటే ఆయన తప్పేముంది?

ఖాళీ లైన్లూ అంతే. మౌనం కోసం మీరు వదిలిన నాలుగు లైన్లు అప్‌లోడ్‌లో ఒకటైపోతాయి. మాట మీద పెట్టిన కొట్టివేత గీతలు కాపీ పేస్టులో ఎగిరిపోతాయి, అప్పుడు పాత్ర చెప్పకుండా దాచుకున్న మాట అందరికీ చెప్పేసినట్టవుతుంది.

ఏం చెయ్యాలంటే, కథ మొత్తం కాపీ చేసి ఫోన్లో మామూలు నోట్స్‌లో పేస్ట్ చేసి చదవండి. అక్కడ నిలబడితే ఎక్కడైనా నిలబడుతుంది. పడిపోయిన చోట స్పేసులు తీసేసి కనిపించే గుర్తు పెట్టండి, ఒక చుక్కో, గీతో, పాత్ర పేరో. రెండు వరసలు తప్పదంటే టేబుల్ వాడండి. వర్డ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా పెట్టండి, మెయిల్లో "రెండు వరసలు కావాలనే రాసినవి, పీడీఎఫ్‌లో ఉన్నట్టే రావాలి" అని రాయండి. కథకి వ్యాఖ్యానం మాత్రం రాయొద్దు సామీ, రెండు మూడు లైన్లు చాలు. వేసే ముందు ఒకసారి చూపించమని అడగండి, చాలామంది కాదనరు.

సమస్య: "ఉండాది"ని "ఉంది" చేసేసినారు
ఎడిటర్ని తిట్టేముందు మీ ఫోన్ కీబోర్డు చూడండి, సగంసార్లు దాని పనే. అది కాకపోతే, యాస కావాలనే రాసినానని అదే మెయిల్లో ఇంకో ముక్క కలపండి.

ఎడిటర్‌కి మీరంటే పడదు, గ్రూపు రాజకీయాలు, కథ కొట్టేసినారు, ఇవన్నీ ఎప్పుడో ఒకసారి నిజమై ఉండొచ్చు, నా దగ్గరికొచ్చిన వాటిల్లో మాత్రం పేస్ట్ చేసి చూసుకోనివే ఎక్కువ.