వాట్‌కి ఎన్ని పాయింట్లు? కార్డులను పోల్చే లెక్క ఎక్కడ తప్పుతుంది

ఫోల్డింగ్ ఎట్ హోమ్ అంటే జనం ఇళ్లలోని కంప్యూటర్లతో ప్రోటీన్ల పరిశోధన లెక్కలు చేయించి, చేసిన పనికి పాయింట్లిచ్చే ప్రాజెక్టు. దానికి ఇంటి కంప్యూటర్‌ని అప్పగించినవాళ్లు రోజువారీ పాయింట్లను వాట్లతో భాగించి ఏ గ్రాఫిక్స్ కార్డు మేలో తేలుస్తారు. 200 వాట్ల కార్డు ఆపకుండా నడిస్తే నెలకు 144 యూనిట్ల కరెంటు. శ్లాబుల్లో బిల్లు కట్టే మన ఇళ్లలో ఈ లెక్క తప్పితే ఖరీదే.

సమస్య: సాఫ్ట్‌వేర్ రీడింగ్ ప్రకారం ఏఎండీ కార్డు మరీ పొదుపుగా కనిపిస్తోంది

కారణం: ఎన్విడియా కార్డులు మొత్తం బోర్డు వాడకాన్ని చూపిస్తాయి. ఆర్‌ఎక్స్ 6000 సిరీస్ దాకా ఏఎండీ కార్డులు చూపేది ప్రధానంగా చిప్ వాడకమే. ఆర్‌ఎక్స్ 6800 ఎక్స్‌టీ బోర్డుకి కంపెనీ చెప్పిన అంకె 300 వాట్లు, కానీ తెరపై 255 దగ్గరే ఆగుతుంది.

పరిష్కారం: ప్లగ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య పెట్టే చిన్న ఎనర్జీ మీటరు కొనండి. బిల్లు పడేది గోడ దగ్గరి అంకెకే.

సమస్య: అదే కార్డుకి నిన్న ఒక అంకె, ఇవాళ ఇంకో అంకె

కారణం: ప్రాజెక్టు మారింది. చిన్న ప్రోటీన్ పడితే ఆర్‌టీఎక్స్ 4090 లాంటి కార్డుకి చేతినిండా పని ఉండదు. మరో అనుమానితుడు సీపీయూ: దాని కోర్లన్నీ వేరే పనిలో ఉంటే కార్డు ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

పరిష్కారం: ఒకే ప్రాజెక్టు నంబరు ఉన్న వర్క్ యూనిట్లనే (కంప్యూటర్‌కి ఒక్కో విడతలో వచ్చే పని ముక్కలు) పోల్చండి. కార్డుకో సీపీయూ కోర్ ఖాళీగా ఉంచండి.

సమస్య: పెద్ద కార్డే ఎప్పుడూ గెలుస్తోంది

అసలు చిక్కు ఇదే. వర్క్ యూనిట్ పూర్తిచేసి త్వరగా తిరిగి పంపితే పాయింట్లలో బోనస్ ఉంటుంది, అది వేగం వర్గమూలంతో పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే రోజువారీ పాయింట్లు రెట్టింపు కాదు, సుమారు 2.8 రెట్లు. రెట్టింపు వేగానికి రెట్టింపు కరెంటు తాగే కార్డు నిజానికి యూనిట్ కరెంటుకి అంతే పని చేస్తుంది, కానీ పాయింట్లలో 40 శాతం మెరుగ్గా కనిపిస్తుంది. ఈ బోనస్ ఊరికే పెట్టలేదు లెండి. ఒక ఫలితం అందాకే దాని తర్వాతి వర్క్ యూనిట్ తయారవుతుంది కాబట్టి ఆలస్యం పరిశోధనకి నష్టం.

పరిష్కారం: పాయింట్లు పక్కనపెట్టి, ఒక వర్క్ యూనిట్‌కి ఎన్ని వాట్-అవర్లు పట్టాయో చూడండి. పొదుపుకి నేను నమ్మేది ఈ లెక్కనే.

సమస్య: కొత్తగా మొదలుపెడితే పాయింట్లు మరీ తక్కువ వస్తున్నాయి

పాస్‌కీ (మీ పనిని మీ పేరుకి ముడిపెట్టే కోడ్) పెట్టారా? దానితో 10 వర్క్ యూనిట్లు పూర్తయ్యాకే బోనస్ మొదలవుతుంది, కనీసం 80 శాతం సక్రమంగా తిరిగి వెళ్లాలి కూడా. అప్పటిదాకా పోలికలు వద్దు.

సమస్య: కార్డు మంచిదే, బిల్లే ఎక్కువ

కారణం: ఫ్యాక్టరీ సెట్టింగులు వేగం కోసం పెట్టినవి. చివరి కొద్ది మెగాహెర్ట్జ్ కోసం వోల్టేజీ పెంచాలి, వాడకం ఆ వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది.

పరిష్కారం: కొత్త కార్డు కొనేముందు పవర్ లిమిట్ (కార్డు వాడగల వాట్ల గరిష్ఠ పరిమితి) తగ్గించి చూడండి. 30 శాతం కోసినప్పుడు వేగం 10 శాతమే పడిపోయిందనుకోండి, యూనిట్ కరెంటుకి దాదాపు 29 శాతం ఎక్కువ పని జరిగినట్టు. పాయింట్లలో చూస్తే అదే లాభం 22 శాతంగానే కనిపిస్తుంది, కారణం పైన చెప్పిన బోనసే. 10 శాతం చొప్పున దించుతూ ప్రతి మెట్టు దగ్గరా మీటరు చూడండి. ఎన్విడియా కమాండుతో పెట్టిన లిమిట్ రీస్టార్ట్ చేస్తే పోతుంది, అందుకే దాన్ని స్టార్టప్‌లో చేర్చండి.