చైనా బియ్యం జావలోకి నంజుకోవడానికి ఏం చేసుకోవాలి

చైనాలో పొద్దున పూట తాగే తెల్ల జావ ఉప్పు లేకుండా వండుతారు. మీరూ వెయ్యకండి. రుచంతా పక్కన పెట్టే చిన్న గిన్నెల్లోంచి రావాలి. అన్నీ చెయ్యాలని టెన్షన్ పడొద్దు, మూడు చాలు: ఒకటి బాగా ఉప్పగా, ఒకటి కరకరలాడేది, ఒకటి చల్లగా పచ్చిగా.

ఉప్పటి వాటిలో నా ఓటు ఉప్పు నీళ్లలో ఊరబెట్టిన బాతు గుడ్డుకే. జియాంగ్సూ రాష్ట్రంలోని గావ్‌యో ఊరు వీటికి పేరు మోసింది. ఇంట్లో కూడా తేలికే. లీటరు నీళ్లలో పావు కిలో ఉప్పు వేసి మరిగించి, పూర్తిగా చల్లార్చండి. పగుళ్లు లేని గుడ్లను కడిగి, తుడిచి, గాజు జాడీలో పెట్టి ఆ నీళ్లు పొయ్యండి. గుడ్లు పైకి తేలతాయి కాబట్టి మీద చిన్న ప్లేటు బరువు పెట్టాలి. నాలుగు వారాలయ్యాక ఒకటి తీసి పన్నెండు నిమిషాలు ఉడికించి చూడండి. సొన ముదురు నారింజ రంగులో, నూనె ఊరుతూ ఉంటే కుదిరినట్టే. లేదంటే ఇంకో వారం ఆగండి. తినేటప్పుడు గుడ్డు వెడల్పు వైపు, లోపల గాలి ఉండే చోట, పెంకు కొట్టి చాప్‌స్టిక్‌తో తవ్వుకోవాలి. తెల్లసొన చాలా ఉప్పగా ఉంటుంది, గోరంత ముక్కకి రెండు స్పూన్ల జావ పడుతుంది.

జాత్సాయ్ అంటే ఆవ జాతి మొక్క ఉబ్బిన కాండాన్ని ఉప్పులో ఊరబెట్టి, పిండి, కారం పట్టించింది. చోంగ్‌చింగ్ నగరంలోని ఫూలింగ్ ప్రాంతానిది ప్రసిద్ధి. ప్యాకెట్లో తరిగి వచ్చేదాన్ని అలాగే తినొచ్చు. గడ్డగా కొంటే మాత్రం కడిగి, సన్నగా తరిగి, అరగంట నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండండి. వేడి నూనెలో ఒక్క నిమిషం తిప్పి, చిటికెడు పంచదార వేసి దించేయండి. ఉప్పు అక్కర్లేదు.

కీరాని కత్తి బల్లపరుపు వైపుతో కొట్టి చితక్కొట్టాలి. తరిగితే నునుపుగా ఉండి మసాలా జారిపోతుంది, చితికిన అంచులైతే పట్టుకుంటాయి. కాస్త ఉప్పు చల్లి పది నిమిషాలయ్యాక నీళ్లు వంపేసి వెల్లుల్లి, నల్ల వెనిగర్, నువ్వుల నూనె కలపండి.

వేరుశెనగ గుళ్లు చల్లటి నూనెలోనే వేసి సన్న మంట మీద వేయించండి. చిటపట తగ్గి రంగు మారబోతుండగానే తీసెయ్యాలి, బయట కూడా వేగుతూనే ఉంటాయి. చల్లారాకే కరకరలాడతాయి.

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం తూర్పున చావ్‌జో, షాన్‌టో ఊళ్ల వాళ్ల జావలో గింజ విడిగా కనిపిస్తుంది. దానికి ఎండు ముల్లంగి అట్టు తిరుగులేని జోడీ. ఉప్పు పట్టించి ఎండబెట్టిన ఈ ముల్లంగిని కడిగి సన్నగా తరిగి, ముందు నూనె లేకుండా మూకుడులో తడి ఆరేదాకా వేయించండి. ఈ పని దాటవేస్తే అట్టు చితికిపోతుంది, రుచీ రాదు. తర్వాత నూనె పోసి, గిలకొట్టిన మూడు గుడ్లు వేసి రెండు వైపులా ఎర్రగా కాల్చండి.

టైమ్ లేని రోజున ఊరబెట్టిన టోఫూ (సోయా పనీర్) సీసా తెరిస్తే సరి. మనిషికి సగం ముక్క చాలు, చాప్‌స్టిక్ కొనతో అద్దుకోవాలి.

ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే వాళ్లకి కీరా ఎక్కువ, గుడ్డు తక్కువ పెట్టండి. వేరుశెనగలు మాత్రం ఎవరూ జావలో గుమ్మరించుకోవద్దు, మెత్తబడతాయి. నాలుగు గింజలు నోట్లో వేసుకుని, పైన ఒక స్పూను జావ.