కంపెనీ స్టీరియో మార్చకుండానే ఆంప్లిఫయర్ బిగించడం

కారుతో వచ్చిన స్టీరియోల్లో చాలావాటికి ఆర్‌సీఏ సాకెట్లు (ఆంప్లిఫయర్‌కు ఆడియో సిగ్నల్ ఇచ్చే గుండ్రటి సాకెట్లు) ఉండవు. అందుకే స్పీకర్ వైర్లనే నేరుగా తీసుకునే, హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న నాలుగు చానెళ్ల క్లాస్ డి (తక్కువ వేడెక్కే రకం) ఆంప్లిఫయర్ కొనండి. చానెల్‌కు 50 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే అసలు పవర్) చాలు. డబ్బా మీది 'మాక్స్' వాట్లు ఉత్త కోతలు.

ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. పాజిటివ్ నుంచి 8 గేజ్ అసలు రాగి వైరు లాగండి. రాగిపూత అల్యూమినియం చవకే గానీ త్వరగా వేడెక్కుతుంది. 40 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి అడుగున్నర లోపే ఉండాలి. దాన్ని ఆంప్లిఫయర్ దగ్గర పెడితే, దారిలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలినప్పుడు మంటలే. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ (ఫైర్‌వాల్) రంధ్రంలో, వైరు ఒరుసుకోకుండా రబ్బరు గ్రోమెట్ (రింగు) తప్పనిసరి.

పని చెడేది ఎక్కువగా ఎర్త్ (ఆంప్లిఫయర్ నెగటివ్‌ను కారు బాడీకి కలిపే చోటు) దగ్గరే. పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, రింగు టెర్మినల్‌ను బోల్టుతో బిగించండి. యాక్సిలరేటర్‌తో పాటు స్పీకర్లో 'కుయ్' పెరుగుతుంటే మొదట ఇక్కడే చూడండి. స్టీరియో స్పీకర్ నెగటివ్‌లను మాత్రం బాడీకి కలపొద్దు, లోపలి ఐసీ పోతుంది.

గెయిన్ (ఆంప్లిఫయర్ మీద సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) సెట్ చేయడానికి ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్లు విప్పి, వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, 400 హెర్ట్జ్ టోన్ మోగించండి. ఆంప్లిఫయర్ స్పీకర్ టెర్మినళ్ల మీద మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి గెయిన్ తిప్పండి; 4 ఓమ్‌ల స్పీకర్‌కు 50 వాట్లంటే 14.1 వోల్టులు రావాలి. పాత డోర్ స్పీకర్లు 25 వాట్లవైతే 10 వోల్టుల దగ్గరే ఆపేయండి.

అనంతపురం, కర్నూలు ఎండల్లో ఆపిన కారు లోపల పొయ్యే. ఆంప్లిఫయర్‌ను కార్పెట్ కింద దాచకుండా, సీటు కింద గాలి ఆడేలా బిగించండి.