వైజాగ్‌లో షాపు బోర్డు పని కాంట్రాక్టుకి ఇవ్వడం ఎలా?

కొత్త షాపు తెరిచేటప్పుడు బోర్డు, ర్యాకులు, వైరింగ్ లాంటి పనులకి ఎవరూ ఉద్యోగిని పెట్టుకోరు. సొంతంగా పని చేసుకునే ఒకాయనకి అప్పజెప్పేస్తాం. ఒప్పందం నోటిమాటతో అయిపోతుంది, అడ్వాన్స్ ఫోన్‌లో వెళ్లిపోతుంది. పేచీ అక్కడే మొదలవుతుంది.

ముందు అతని పాత పని చూడండి. ఫోన్‌లో ఫొటోలు కాదు, రెండేళ్ల కిందట కట్టిన బోర్డు. బీచ్ రోడ్డు వైపుదైతే మరీ మంచిది, ఉప్పుగాలి ఏ లోపాన్నీ దాచదు. కింద నిలబడి ఫ్రేమ్ కింది అంచు చూడండి. వెల్డింగ్ అతుకుల నుంచి తుప్పు చార గోడ మీదికి కారిందా? ప్రైమర్ (రంగుకి ముందు తుప్పు పట్టకుండా వేసే పూత) సరిగా వేయలేదనే అనుకోండి. "లైట్లు పోతే మళ్లీ వచ్చాడా అండీ?" అని ఆ షాపాయన్ని అడగండి.

తర్వాత కనీసం ఇద్దరి దగ్గర కొటేషన్ తీసుకోండి. "మొత్తం ఇంత" అంటే ఒప్పుకోవద్దు. కొలతలు, పైపు మందం, జీఐనా (జింకు పూత వేసిన ఇనుము) మామూలు ఇనుమా, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలేనా, ఆటో కిరాయి ఎవరిది, పైకెక్కే కుర్రాళ్లకి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది... అన్నీ కాగితం మీద ఉండాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి.

డబ్బు తేదీల వారీగా కాక పని వారీగా ఇవ్వండి. 40,000 పనికి అడ్వాన్స్ 12,000, ఫ్రేమ్ షాపుకి వచ్చాక 16,000, లైట్లు ఒక రాత్రంతా వెలిగాక మిగతా 12,000. నేనొకసారి చివరికి 2,000 మాత్రమే ఆపాను. ఆ రెండు వేల కోసం ఆయన రానే లేదు, బోర్డులో ఒక అక్షరం నెలంతా చీకట్లోనే ఉంది.

టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కొంత పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) సంగతి: సొంత వ్యాపారమైతే, కిందటి ఆర్థిక సంవత్సరం టర్నోవర్ కోటి దాటితేనే మీకు వర్తిస్తుంది. అప్పుడు ఒక్క బిల్లు 30,000 గానీ, ఏడాది మొత్తం లక్ష గానీ దాటితే 1 శాతం పట్టుకోవాలి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. అందుకే పాన్ ముందే అడగండి.

రోజూ తొమ్మిదింటికి రమ్మని, నెలకింత అని ఇవ్వకండి. అలా చేస్తే రేపు అతన్ని మీ ఉద్యోగి కింద లెక్కగట్టే అవకాశం ఉంది.

బోర్డు ఎత్తే రోజు షాపు దగ్గరే ఉండండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫానుని చూసిన ఊరు మనది. గోడకి ఎన్ని బోల్టులు బిగించారో షీటు మూసేశాక కనబడదు. మూసేముందే ఫొటో తీసుకోండి.